ఒక్కడే పాడే పాట

బుధవారం, రాత్రి

ఈరోజు కళ్ళంలో కాఫీ గింజలు ఏరుతూ ఆ ఫ్రెంచి పాట మళ్ళీ పెట్టాను. కాఫీ తోటలు చూడడానికి ఆ దేశం నుంచి వచ్చినావిడ నా ఫోన్లో ఎక్కించి వెళ్ళిన పాట. ఒక్క ముక్క అర్థం కాదు. గిటారు మీటుకుంటూ ఒకాయన తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు పాడతాడు. ఎందుకో ఆపబుద్ధి కాదు.

అత్త చేతిలో చేట పక్కన పెట్టింది. "ఏటే గుంటా, ఈడొక్కడే పాడతన్నాడేటి? ఆలింట్లో ఎవులు పోనారు?" అంది.

మా కొండల్లో పాటంటే పదిమందీ చేతులు పట్టుకుని వరసలో పాడేదే. ఒక్కరే పాడారంటే అది చావింట్లో ఏడుపు. పోయినేడు సోమన్న పోయినప్పుడు కొడుకు కోసం అత్త ఆ ఏడుపు ఏడవలేదు. అతని పెళ్ళాన్నైన నన్ను ఒళ్ళో పట్టుకుని కూర్చోవడంతోనే ఆవిడకి సరిపోయింది.

"ఆపేయనా అత్తా?" అన్నాను.

"ఉండనీ. ఆడి మాటలు మనకి తెల్దు కదా. మనోడి పేరెట్టుకుని ఇంటన్నాను."

చీకటి పడేదాకా ఆ ఒక్క పాటే తిరిగింది. ఇద్దరం గింజల మీద నుంచి తల ఎత్తలేదు.

కరెంటు ఇంకా రాలేదు. ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. పొద్దున్నే అత్త ఆ పాట మళ్ళీ పెట్టమని అడిగితే ఏం పెట్టను...