ఐదింటికి పడిపోయే గీత

జూన్ 9, సోమవారం

పోయిన నెలలో ఒక మామూలు ఉదయం గుర్తొస్తోంది. నాయన ఫజర్ నమాజు చదివి వచ్చాడు. రాత్రి నానబెట్టిన అన్నంలో మజ్జిగ పోసి పెట్టాను. ఇంకో ఉల్లిపాయ అడిగి తిన్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని గూడూరు నిమ్మకాయల మార్కెట్‌కు బయల్దేరాడు. వయసు డెబ్బై ఆరు. అందులో యాభై ఏళ్లు ఇదే నడక.

ఆ మధ్యాహ్నం ఇల్లు ఎటో తెలియక రైల్వే గేటు దగ్గర నిలబడిపోయాడు. హమాలీ మస్తానయ్య చేయి పట్టుకుని తీసుకొచ్చాడు.

అప్పటినుంచి పెద్ద తమ్ముడు మతీన్ ఆయన్ను బయటికి పంపడం లేదు. మార్కెట్‌కు పోకపోతే నేనెవురినమ్మే అని నాయన నన్ను అడిగాడు.

నెల్లూరు డాక్టరమ్మ మందులతో పాటు కంప్యూటర్‌లో బ్రెయిన్ ట్రైనింగ్ రాసింది. రోజుకు అరగంట, పది వారాలు. పోయిన జ్ఞాపకం తెచ్చివ్వదు, ధ్యాస చురుకు కావచ్చు అంది. ఆ తర్వాత టెస్ట్ చూసి మార్కెట్ సంగతి తేలుద్దామన్నాడు మతీన్.

జూన్ 12

తడలో ఉద్యోగం చేసే చిన్న తమ్ముడు పర్వేజ్ లాప్‌టాప్ పెట్టి పోయాడు. స్కోరు వాడి ఫోన్‌కూ పోతుంది. తెర మీద లారీలు క్షణం మెరిసి మాయమవుతాయి. ఏది ఎక్కడ కనిపించిందో నొక్కాలి. నాయన బిస్మిల్లా అని మౌస్ పట్టాడు. యాభై ఏళ్లు కాయలేరినోణ్ణి, ఈ బొమ్మలు నన్నేం చేస్తాయమ్మే అన్నాడు. పదికి మూడు.

జూన్ 30

పదికి ఏడు. అల్‌హందులిల్లా.

జూలై 19

పర్వేజ్ ఫోన్. అక్కా, రోజూ బాగానే మొదలుపెడతాడు, చివరి రౌండ్ సున్నా, గ్రాఫ్ బావిలో పడినట్టుంది అన్నాడు. ఇంక టెస్ట్ దేనికి, తేలిపోయిందిగా అన్నాడు మతీన్. నాయన వింటూనే ఉన్నాడు. అన్నం మధ్యలో లేచిపోయాడు.

జూలై 20

రోజూ పక్కనే కూర్చుంటాను. నాకెందుకు కనబడలేదు?

ఈరోజు కళ్లు మూయలేదు. నాలుగున్నరకు మొదలుపెట్టాం. ఐదింటికి మసీదులో అసర్ నమాజుకు పిలిచే అజాన్. అజాన్ వినిపిస్తే మా ఇంట్లో మాటా పనీ ఆగుతాయి. నాయన మౌస్ వదిలి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఆటకు ఆగడం తెలియదు. లారీలు పోతూనే ఉన్నాయి. అన్నీ తప్పులే. రోజూ ఆ సమయానికి నేను కొంగు కప్పుకుని కళ్లు మూసుకుంటాను.

ఎందుకు చెప్పలేదని నాయన్ను అడిగాను. పైనోడు పిలస్తా ఉంటే మనం లారీలు చూస్తా కూర్చుంటామా అన్నాడు.

పర్వేజ్‌కు చెప్పాను. తడలో కూడా అజాన్ వినబడతాదక్కా, నేను ఆగి చాన్నాళ్లయింది అన్నాడు.

నాయన్ను తలుచుకుంటే గర్వమేసింది. గర్వం తప్పు. మన్నించమని అల్లాకు తౌబా చెప్పుకున్నాను. అయినా పోలేదు.

రేపటినుంచి ఆట ఉదయం పదింటికి.

ఆగస్ట్ 21, మధ్యాహ్నం

టెస్ట్ అయింది. చురుకు బాగా పెరిగిందంది డాక్టరమ్మ. నెల పేరు మాత్రం మరిచాడు. దాచలేదు, గుర్తులేదమ్మా అన్నాడు. తిరిగొచ్చి గూడూరు స్టేషన్‌లో దిగాక మతీన్ ఆయన్ను ముందు నడవమన్నాడు. ఇల్లు చేరేదాకా ఒక్క మలుపూ తప్పలేదు.

పర్వేజ్ కూడా సెలవు పెట్టి వచ్చాడు. ఆట ఆడి చూశాడు. నాయనకు ఎనిమిది, వాడికి ఆరు. అయితే వీణ్ణి కూడా తడకు పోనియ్యబాకండి అన్నాడు నాయన.

అదే రోజు, సాయంత్రం మగ్‌రిబ్ నమాజు తర్వాత

అందరం కూర్చుని నిర్ణయించాం. రేపటినుంచి నాయన ఒక్కడే మార్కెట్‌కు పోతాడు. జేబులో ఫోన్ ఉంటుంది. గుమ్మంలో నిలబడి ఎవరూ చూడకూడదు.

ఆ చివరి షరతు నాకోసం పెట్టారు.