మందు కాని మందుకు నోటీసు

విజయవాడ డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు,
భవానీపురం కాపురస్థుడు, రిటైరైన రసాయన శాస్త్రజ్ఞుడు అచ్యుతరామారావు వ్రాసుకొను అర్జీ.

విషయం: నేను తయారుచేసిన ఆర్‌ఎస్-4 అనునది మందు కాదని ధ్రువీకరించి, నాపై కేసు లేకుండా చేయుట గురించి.

అయ్యా,

1. లైసెన్సు లేకుండా స్త్రీలకు హార్మోను మందు ఇచ్చుచున్నానని తమ నోటీసు అందినది. నేను డాక్టరునే గానీ వైద్యుడిని కాను. పీహెచ్‌డీ చేసి గుమ్మానికి 'డా.' అని బోర్డు తగిలించుకొన్న పాపానికి, అపార్టుమెంటులో ఎవరికి జ్వరమొచ్చినా మా కాలింగ్ బెల్లే నొక్కుదురు.

2. సదరు ఆర్‌ఎస్-4 ఈస్ట్రోజెన్ అను స్త్రీ హార్మోను వలె పనిచేసి, ముట్లుడిగిన స్త్రీలకు వచ్చు వేడి ఆవిర్లు తగ్గించుటకు ఉద్దేశించిన కృత్రిమ పదార్థము. హైదరాబాదులో ఒక కంపెనీ ల్యాబులో నా ఉద్యోగమంతా దానికే ధారపోసితిని. ఎలుకలకు బ్రహ్మాండముగా పనిచేసినది. తరువాత వాటి కాలేయాలు పాడైనవి. మనుషుల దాకా రాకుండానే కంపెనీ దానిని అటకెక్కించినది. దానివల్ల మేలు పొందిన ఆడజాతి ఏదైనా ఉన్నదంటే అది ఎలుకలే, అదీ కొన్నాళ్ళే.

3. పై ఫ్లాటు పద్మావతమ్మ గారు ఒంట్లో వేడి ఆవిర్లు వస్తున్నవని మా ఇంటికి వచ్చినారు. లేడీ డాక్టరుకు చూపించుకోమని చెప్పి ఊరుకొనవలసినది. ఊరుకొంటే నేను నేనెందుకవుతాను? అడిగేవారు లేక నాలో మగ్గుతున్న కథంతా, ఆమెకిచ్చిన కాఫీ చల్లారేవరకు చెప్పితిని. కాలేయం సంగతి వచ్చేలోపే ఆమె లేచి వెళ్ళినారు. తిన్నగా బెంజ్ సర్కిల్లో ఒక మందుల షాపుకు వెళ్ళి, "మా డాక్టరు గారు కనిపెట్టిన ఆర్‌ఎస్-4 బిళ్ళలివ్వు బాబూ. లేవా? అంత మంచి మందు పెట్టుకోకపోతే ఇంకేం షాపయ్యా!" అని దబాయించినారట. షాపువారు తమకు ఫిర్యాదు చేయుట న్యాయమే.

4. సోదాకు వచ్చినచో మా ఇంట తమకు దొరుకునవి నా బీపీ బిళ్ళలు మాత్రమే. ఈ వయసులో కోర్టు మెట్లెక్కే ఓపిక నాకు లేదు. జన్మంతా అది మందేనని కనపడినవారికల్లా మొత్తుకున్నవాడిని, నేడు కాదని రాసిమ్మని తమ కాళ్ళావేళ్ళా పడుచున్నాను. నా ఖర్మ!

కావున ఆర్‌ఎస్-4 మందు కాదనియు, ఎన్నడూ కాలేదనియు, ఇక కాబోదనియు ఒక కాగితము దయచేసి, కేసు మూయించి ఈ ముసలివాణ్ణి ఒడ్డున పడవేయ ప్రార్థన. తప్పక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అచ్యుతరామారావు
('డా.' నేనే తీసివేసితిని. బోర్డు కూడా.)

తా.క.: నోటీసు మా ఆవిడ రమాసుందరికి చదివి వినిపించాను. ఆర్‌ఎస్ అంటే ఆవిడ పేరేనండి. "ఆర్‌ఎస్-4 అను మందు" అన్నచోట ఆపి, "ఏదీ, ఇంకోసారి చదవండి" అంది. అక్కడి నుంచే మళ్ళీ చదివాను. దాన్ని ఒక ప్రభుత్వ కాగితం మందు అనడం ఇదే మొదలు. కేసు మూసినా ఆ నోటీసు మాత్రం వెనక్కి అడక్కండి. గవర్నర్‌పేటలో ఫ్రేముకిచ్చేశాం.