వినయంగా రాలేను

బాబాయికి నమస్కారాలు.

పిన్ని మోకాలు ఎలా ఉంది? కోప్పడనంటే ఒక సంగతి చెబుతాను. కోప్పడినా చెప్పక తప్పదు.

మా కళ్ళజోళ్ళ షాపు మాస్టారు పోయిన నెల కూడా నన్ను అద్దాలు అరగదీసే మిషన్ దగ్గరికి రానివ్వలేదు. రెండేళ్ళుగా ఫ్రేములు తుడవడమే నా పని. ఒళ్ళు మండి తాళాల కంపెనీలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూకి రమ్మన్నారు. వస్తానని అదే రోజు రాసేశాను. మర్నాడు పొద్దున మాస్టారు మిషన్ ముందు స్టూలు వేసి, "కూర్చో, ఎంతసేపు నిలబడతావు?" అన్నారు. బాబాయీ, ఆ స్టూలు నేను వదులుకోలేను. ఈ సంగతి ఆయన చెవిన పడితే స్టూలూ ఉండదు, నేనూ ఉండను.

నువ్వు నీళ్ళ ఆఫీసులో ముప్పయ్యేళ్ళు ఫిర్యాదులకు జవాబులు రాశావు కదా. కొళాయిలో చుక్క రాకపోయినా నీ ఉత్తరం చదివి జనం సంతోషంగా పోయేవాళ్ళట. ఇంటర్వ్యూకి రాలేనని, వాళ్ళ మనసు నొచ్చుకోకుండా ఒక ఉత్తరం రాసిపెట్టు.

నీ తొందరపిల్ల

తా.క.: ఆ ఉద్యోగం ఏమిటో సరిగ్గా చదవలేదు. బల్ల, కుర్చీ ఇస్తారని మాత్రం చూశాను.

*

చిరంజీవి తొందరపిల్లకు ఆశీస్సులు.

పిన్ని మోకాలు నయం. నోరు అంతకన్నా నయం. రిటైరయ్యాక నన్ను ఒకరు ఉత్తరం రాసిమ్మని అడగడం ఇదే మొదలు. పొద్దుటి నుంచి మూడుసార్లు పెన్ను కడిగాను. ఇది నీ చేత్తో తిరగరాసి పంపు:

"అయ్యా, మీ కబురు అందిన రోజు మా ఇంట్లో అందరి ముఖాలూ వెలిగాయి. మీ సమయం విలువ తెలిసినదాన్ని కనుకనే దాన్ని ముందుగానే మీకు తిరిగి అప్పగిస్తున్నాను. తప్పంతా నాది, మర్యాదంతా మీది. ఇంటర్వ్యూకి రాలేకపోతున్నందుకు మన్నించండి."

కారణం రాయలేదు. రాస్తే వాదనకు దిగుతారు.

ఇట్లు, బాబాయి

తా.క.: రాలేనన్న సంగతి చివరిదాకా దాచాను. అక్కడికి వచ్చేసరికి చదివేవాడు మన మనిషైపోతాడు.

*

బాబాయీ, నమస్కారం. కొంప ముంచావు.

మేనేజరు గారు నిజంగానే మన మనిషైపోయారు. ఇంత సంస్కారం ఉన్న పిల్లకు ఏదో కష్టం వచ్చి ఉంటుందని, పాపం పైకి చెప్పుకోలేకపోతోందని అనుకుని, ఇంటర్వ్యూ వచ్చే గురువారానికి జరిపారు. నేను మెట్లెక్కలేకపోతే కింద గదిలోనే పెడతారట! ఈసారి కాస్త కటువుగా రాయి.

నీ తొందరపిల్ల

తా.క.: ఈ వారం రెండు అద్దాలు అరగదీశాను. ఒకటి పగిలింది. మాస్టారు ఏమీ అనలేదు. అందుకే మరీ భయంగా ఉంది.

*

చిరంజీవి తొందరపిల్లకు ఆశీస్సులు.

కటువుగా నాలుగు వాక్యాలు రాశాను. చదువుకుంటే నాకే బాధేసింది, చింపేశాను. "రాను అని ఒక్క ముక్క రాయలేరూ?" అంది మీ పిన్ని. ఒక్క ముక్కను ఉత్తరం అంటారటమ్మా?

"అయ్యా, మెట్ల గురించి కూడా ఆలోచించే మేనేజరు కింద పనిచేసే అదృష్టం నాకు లేదు. నా కాళ్ళు కులాసా. మనసు మాత్రం ఇప్పుడున్న చోటి నుంచి కదలమంటే కదలడం లేదు. ఆ కుర్చీ నాకన్నా తగినవారికి ఇవ్వండి. వారు దొరికిన రోజున మీకన్నా నేనే ఎక్కువ సంతోషిస్తాను."

ఇంతకన్నా కటువు నా వల్ల కాదు.

ఇట్లు, బాబాయి

తా.క.: కవరు మీద చిరునామా నేనే రాసి పంపుతున్నాను. నీ అక్షరాలు పక్కకు వాలిపోతాయి.

*

బాబాయీ,

నమస్కారం తర్వాత పెడతాను. దరఖాస్తులో రాసిన షాపు పేరు పట్టుకుని మేనేజరు గారు ఇక్కడికే వచ్చేశారు!

కళ్ళజోడు బల్ల మీద పెట్టి, స్క్రూ వదులైందన్నారు. నేను బిగిస్తుంటే, "అమ్మా, ఇంటర్వ్యూ కూడా వద్దు. సోమవారం వచ్చి చేరిపో" అన్నారు. వెనకే మాస్టారు! నా చేతిలోంచి స్క్రూ జారిపోయింది. ముగ్గురం నేల మీద వెతికాం. అలా మోకాళ్ళ మీద ఉండగానే నిజమంతా కక్కేశాను. కోపంలో దరఖాస్తు పెట్టానని, ఆ ఉత్తరాలు నేను రాసినవి కావని, స్టూలు వదిలి రానని. మాస్టారు స్క్రూ వెతికి నా అరచేతిలో పెట్టి, "బిగించెయ్యి. తర్వాత అద్దం పని ఉంది" అన్నారు. అంతే. నాకు ఏడుపొచ్చింది.

మేనేజరు గారు మాత్రం ఇంకా నేల మీదే ఉన్నారు. ఆ ఉద్యోగం ఏమిటో తెలుసా? తాళం పడలేదని, పడింది తెరుచుకోవట్లేదని జనం తిడుతూ రాసే ఉత్తరాలకు జవాబులు రాయడం! ఆరు నెలలుగా మనిషి దొరకలేదట. "రానని చెప్పడానికే ఇంత బాగా రాసిన మనిషి ఎవరమ్మా? కవరు మీద అక్షరాలు కూడా వారివేనా?" అన్నారు.

నీ తొందరపిల్ల

తా.క.: నీ చిరునామా ఇచ్చేశాను. ఉత్తరాలు కట్టకట్టి నీ ఇంటికే పంపుతారట. ముందు ఒకసారి ఇంటర్వ్యూకి మాత్రం రావాలట.

*

చిరంజీవి తొందరపిల్లకు ఆశీస్సులు.

వాళ్ళ కబురు అందింది. వస్తానని అదే రోజు జవాబు రాసేశాను. తొందర మన వంశంలోనే ఉంది. మర్నాటి నుంచి ఒకటే గుబులు. ఈ వయసులో నన్ను ఎవరో ప్రశ్నలడగడమేమిటి, నేను తడబడితే ఏం కాను? మర్యాదగా రాలేనని రాద్దామని కూర్చున్నాను. మూడు కాగితాలు పాడయ్యాయి. కుదరదని వేలమందికి రాసిన చెయ్యి ఇది. ఈ ఒక్కటీ రాయలేకపోయింది. నాకు వెళ్ళాలని ఉందమ్మా. ఏడాదిగా నాకు పనేమీ లేక దిగులుగా ఉంది. నీకు కూడా చెప్పలేదు.

గురువారం వస్తున్నాను. మీ పిన్ని చొక్కా ఇస్త్రీ చేసి, మోకాలు మర్చిపోయి తనూ బయల్దేరింది.

ఇట్లు, ఇంటర్వ్యూకి వచ్చే బాబాయి

తా.క.: ముందు మీ షాపుకే వస్తాను. తిట్లు చదవడానికి కొత్త కళ్ళజోడు కావాలి. అద్దాలు నువ్వు అరగదీసినవే పెట్టు. ఆ పగిలింది మాత్రం వద్దు.