మూడు గీతల చాకు

కోసిగి

ఉరుకుందక్కకు,

ఫోనులో చెబితే నువ్వు ఏడుస్తావు. నాకేమో ఏడుపు రావడం లేదు, నిన్ను ఓదార్చడమూ చేతకాదు. అందుకే రాస్తున్నాను.

లారీ మీద పోయిన మా ఆయన, నీ మరిది బసవరాజు తిరిగి రాలేదు. కడప దగ్గర రైలు పట్టాల పక్కన దొరికిన శవం ఆయనదేనని నేనే చెప్పాను కదా. ముఖం చూసి చెప్పలేదక్కా. చూడడానికి ముఖం మిగల్లేదు. జేబులో దొరికిన మడత చాకు పోలీసులు చూపించారు. పిడి మీద మూడు అడ్డగీతలు. అలాంటి చాకు మా మామది, ఆయన తర్వాత నీ మరిది జేబులోనే ఉండేది. "శివుడే విభూతి పెట్టినాడు, ఇట్లాంటిది లోకంలో ఇంకోటి లేదప్పా," అనేవాడు మామ. నేనూ అదే నమ్మి, మాదే అన్నాను. మన లింగాయతుల పద్ధతిలో శవాన్ని కూర్చోబెట్టి, విభూతి పూసి, మా చేనులో సమాధి చేశాము.

మొన్న ఆయన చావు కాగితాల కోసం కడప పోయాను. దర్గా దారిలో పాత గడియారాలు, చాకులు అమ్మే సాహెబు ఒకాయన ఉంటే, తుప్పు వదిలించమని ఆ చాకు ఇచ్చాను. రేకు మడిచిన పిడిని, తెరవడానికి వెనక తోకలా ఉన్న మీటను తిప్పి తిప్పి చూశాడు.

"ఇది జపాన్‌ది తల్లీ. ఈ గీతలు వాళ్ల రాతలో మూడు అంకె. చేసినోళ్ల గుర్తు. ఇట్లాంటివి శానా ఉండాయి," అని పెట్టె తెరిచాడు. అందులో అన్నిటికీ విభూతే.

మా చేనులో ఎవరున్నారక్కా? గాజులు లేని చేతులు చూసుకున్నాను. భయమూ లేదు, ఆశా లేదు. మొద్దులా బస్సెక్కి వచ్చేశాను. అత్తకు ఇంకా చెప్పలేదు.

నీ చెల్లెలు,
నాగలత

కోసిగి

అక్కా,

అత్తకు చెప్పేశాను. శనగలు చెరుగుతూ వింది.

"మళ్లా ఎదురుచూడాల్నా నేను?" అంది. అన్నం పెడితే తింది. మర్నాడు ఉతికిన చీర కట్టుకుని వాకిట్లో నిలబడింది.

"పదమ్మే. మన చేన్లో ఉండే ఆ పిల్లోనికీ ఒక తల్లి ఉంటాది గదా. యాడ కూసోనుండాదో."

పోలీసులకు చెప్పాము. సమాధి తవ్వుతారట. ఎముకతో పోల్చడానికి తల్లి రక్తం కావాలన్నారు. ఆసుపత్రిలో సూది గుచ్చుతుంటే అత్త చూపు తిప్పుకోలేదు. నర్సు నా భర్త పేరు అడిగితే చెప్పాను.

"ఉన్నాడా?" అంది.

అత్తే చెప్పింది.

"అది కనుక్కోనే వచ్చినాము తల్లీ."

నీ నాగలత