తీగ మీది తెల్లకోటు

బుధవారం రాత్రి

అంతరిక్షంలో ఉండి వచ్చిన డాక్టరమ్మ ఈరోజు మా కాలనీ బడికి వచ్చింది. నా బిడ్డ లత కూడా డాక్టరు చదువే చదివింది. "అవ్వా, నేను గూడ గట్లనే పోత" అనేది. మొన్న వానాకాలంలో ఆయాసం ముదిరి, ఊపిరాడక ప్రాణం పోయింది.

"పైన మా నౌకలో గాలి కొంచెం చెడినా గంట మోగుతుంది" అంది డాక్టరమ్మ. అంతలోనే కాలనీ పక్కనున్న ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ సైరన్ కూసింది. పేలుడు దుమ్ము పడకముందే తీగల మీది బట్టలు తీయాలని ఆడోళ్లంతా లేచారు.

"బట్టలు సరే, పిల్లల్ని కూడా లోపలికి పిలుస్తారా?" అని అడిగిందామె.

"పిల్లలు ఆడుకుంటరు గదమ్మా!" పక్కింటి రాజవ్వ నవ్వింది. నా లత కూడా ఆ దుమ్ములోనే ఆడుకుని పెరిగింది. నేను కూర్చునే ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి పొద్దున ఉతికి తీగ మీద ఆరేసిన లత తెల్లకోటు నల్లబడి ఉంది. మళ్లీ ఉతికి లోపలే ఆరేశాను. కిటికీ కూడా మూశాను. ఇప్పుడు ఎవరి కోసమో…