ఉప్పుకు మూలలున్నాయమ్మా

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ మా బడికి మైక్రోస్కోపు వచ్చింది. సైన్సు టీచర్ని కదా, దాని కింద మొదట ఉప్పుకల్లే పెట్టాను.

గుర్తుందా? ఉప్పుకల్లు నలుచదరం పెట్టెలా ఉంటుందని మా అమ్మ చెప్పిందని నేనంటే, చిన్నప్పుడు మాస్టారు క్లాసంతటినీ నవ్వించారు. ఏడుస్తూ నువ్వు పనిచేసే చినగంజాం ఉప్పుమళ్ళలోకి వచ్చాను. "ఆయన్నొకసారి ఈ మడిలో చెప్పుల్లేకుండా నడవమనవే, మూలలు తెలుస్తాయి!" అన్నావు.

ఆ మాస్టారే ఇప్పుడు మా హెడ్మాస్టరు. ఆయన ముందే ఉప్పుకల్లు పగలగొట్టి చూపించాను. ఎంత చిన్న ముక్క చూసినా పెట్టే! ఆయన చాలాసేపు కన్ను తియ్యలేదు.

"మీ అమ్మ చెప్పిందే నిజమమ్మా" అన్నారు, పిల్లలందరి ముందూ.

చెప్పులు విప్పమందామనుకున్నాను. పెద్దాయన కదా, వదిలేశానమ్మా.