ఎవరితో తిన్నారు?

మార్చి 3, సోమవారం

షుగర్ నార్మల్ అట. పార్టీ చేసుకోవాలి. ఎవరితో?

డైటీషియన్ మేడం మాత్రం సంతోషించలేదు. ఏడాదిలో పద్నాలుగు కిలోలు తగ్గడం ఆరోగ్యం కాదు, ఎండిపోవడం అంది. బయట తిండి మానెయ్యమన్నాం గానీ తిండే మానెయ్యమనలేదుగా అని దెప్పింది. ఒక షీట్ ఇచ్చింది, రోజూ నింపాలట. నాలుగు గడులు. టైం, ఏం తిన్నారు, ఎంత, ఎవరితో.

నాలుగోది ఎందుకండీ అని అడిగాను. ఒంటరిగా ఉండేవాళ్ళు తినరు, మింగుతారు అంది.

మార్చి 5, మధ్యాహ్నం 1:40

ఉడికించిన బీన్స్, క్యారెట్, ఒక గుడ్డు. పదకొండో అంతస్తు పైన, మోటార్ రూమ్ మెట్ల మీద. 'మోటార్‌తో' అని రాసి కొట్టేశాను.

లిఫ్ట్ మెకానిక్‌ని ఎవరూ పలకరించరు. ఇంకా ఎంతసేపు అని అడుగుతారు, అంతే.

మార్చి 8

నాలుగో గడి నిండా 'ఒక్కడినే'. హాజరుపట్టీలో నాకు నేనే ఆబ్సెంట్ వేసుకున్నట్టుంది.

మార్చి 9, ఆదివారం

అబద్ధం రాశాను. 'అక్కతో' అని. సిగ్గులేదు నాకు. అక్కకీ నాకూ మాటల్లేక ఏడు నెలలు.

షీట్‌లో ఎలాగూ రాయలేను, ఇక్కడైనా నిజం రాయాలి. చిన్నప్పుడు అమ్మ సాయంత్రం షిఫ్ట్‌కి వెళ్తూ ఫ్రిజ్‌లో కూర పెట్టేది. నేను ముట్టేవాణ్ణి కాదు. ఏడ్చి, కాళ్ళు కొట్టుకుని, మొత్తానికి ముట్టేవాణ్ణి కాదు. అక్క బడి నుంచి నడిచొచ్చేది. మిగిలిన బస్సు డబ్బులకి ఒక బర్గర్ వచ్చేది. కూరని చెత్తబుట్ట అడుక్కి తోసి, నా స్కూలు స్కేలు కడిగి, కొలిచి, దాంతోనే బర్గర్ కోసేది. అయినా పెద్ద ముక్క ఏదా అని చూసేవాణ్ణి, దొంగమొహాన్ని. చీజ్ కారిన వైపు ఎప్పుడూ నాకే. అమ్మ వచ్చి కూర ఎలా ఉందని అడిగితే, అక్క కన్నార్పకుండా ఉప్పు కాస్త తగ్గింది అనేది. పాపం, మర్నాడు అమ్మ ఉప్పు పెంచేది.

పోయిన ఆగస్టులో మేనకోడలి పుట్టినరోజు. అక్క ఊరి ఆ చివరకి పోయి, చిన్నప్పటి ఆ షాపు బర్గరే తెచ్చింది. నా కోసం. పక్కన స్కేలు కూడా పెట్టింది. నేనేం చేశాను? బ్యాగ్‌లోంచి నా ఉడికించిన కూరల డబ్బా తీశాను. అక్కడితో ఆగానా? పిల్ల ముందే అది విషం అన్నాను. చిన్నప్పుడు అది తినిపించబట్టే నాకీ రోగం అన్నాను. అక్క ముఖం మాడిపోయింది. ప్లేటు తీసేసింది. గుమ్మం దాకా వచ్చి, ఇంకోసారి డబ్బా పట్టుకుని నా ఇంటికి రావద్దు అంది. నేనేమైనా తక్కువ తిన్నానా? రానులే అన్నాను.

మార్చి 16, ఆదివారం

అక్కతో.

మార్చి 23, ఆదివారం

అక్కతో. అబద్ధానికి చేయి తిరిగింది. ఏం మాట్లాడుకున్నామో కూడా ఊహించుకుంటూ తిన్నాను. ఒక గుడ్డు ఎక్కువే తిన్నాను.

ఏప్రిల్ 7

కిలోన్నర పెరిగానట. మేడం వెలిగిపోయింది. అంతా మీ అక్కగారి చలవే, ఈసారి ఆవిణ్ణి కూడా తీసుకురండి అంది. తప్పకుండా అన్నాను.

నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

ఏప్రిల్ 12

ఫోన్ చేశాను, కట్ చేశాను. మళ్ళీ చేశాను, కట్ చేశాను. చివరికి అక్కే చేసింది. ఏమైందిరా, ఒంట్లో బాగానే ఉందా అంది. క్లినిక్‌కి ఒకసారి రావాలన్నాను. ఎందుకని అడగలేదు. ఎన్ని గంటలకి అని అడిగింది. అబద్ధం సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

ఏప్రిల్ 21

అక్క వచ్చింది. జుట్టు నెరిసింది. నన్ను చూసి, ఇలా చిక్కిపోయావేంటిరా అని అక్కడే నిలబడిపోయింది. నేను చెప్పేలోపే లోపలికి పిలిచారు.

మేడం షీట్లు ముందు పెట్టి, ఆదివారం ఆదివారం మీరు దగ్గరుండి తినిపించడం వల్లే అంది. అక్క షీట్లు తీసుకుని, ఒక్కో ఆదివారం మీద వేలు పెట్టి చదివింది. చాలాసేపు చదివింది. అయిపోయింది నా పని అనుకున్నాను.

వీడికి ఉప్పు తగ్గితే ముద్ద దిగదండీ, అందుకే కాస్త పెంచి వండుతున్నాను అంది అక్క. కన్నార్పలేదు.

మేడం ఉప్పు తగ్గించమంది. అక్క బుద్ధిగా తలూపింది.

బయట బెంచీ మీద కూర్చున్నాం. పిల్ల ముందు అలా అనకూడదు, తప్పయిపోయింది అన్నాను. నువ్వు ఇంకేదీ ముట్టేవాడివి కాదుగా, నాకు మాత్రం అప్పుడు పదకొండేళ్ళేగా, నిన్ను ఆకలితో పడుకోబెట్టమంటావా అంది. అంటూ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

లేచేటప్పుడు, ఆదివారం డబ్బా తెచ్చుకో అంది.

ఏప్రిల్ 27, ఆదివారం, మధ్యాహ్నం 1:10

బర్గర్, సగం. బీన్స్, సగం. రెండూ స్కేలు కొలతే. అక్కతో.

బీన్స్‌లో ఉప్పు తగ్గిందట.